ఏడాది పాటలు, పుస్తకాలు, సినిమాలు: సొంత జాబితా రాసుకునే పద్ధతి

డిసెంబరు వచ్చిందంటే పత్రికలు, టీవీ ఛానళ్లు, పాటల యాప్‌లు ఎవరికి వారు ఆ ఏటి మేటి జాబితాలను ప్రకటిస్తాయి. వాటిలో కొన్ని వసూళ్లను బట్టి, కొన్ని ఎన్నిసార్లు విన్నారన్న లెక్కను బట్టి, మరికొన్ని విమర్శకుల అభిప్రాయాన్ని బట్టి తయారవుతాయి. ఏ పాట మీకు ఏ నెలలో తోడుగా ఉందో, ఏ పుస్తకాన్ని సగంలో ఆపి వానాకాలంలో మళ్లీ అందుకున్నారో, ఏ సినిమా చూసి వచ్చాక ఇంట్లో వారం పాటు దాని గురించే మాట్లాడుకున్నారో వాటిలో దేనికీ తెలియదు. ఆ సంగతులు చెప్పగలిగినవారు మీరొక్కరే. వాటిని ఒక పద్ధతిగా రాసిపెట్టుకోవడం ఎలాగో ఇక్కడ వివరిస్తాను. ఉదాహరణలకు ఎక్కువగా 2023వ సంవత్సరాన్నే తీసుకుంటున్నాను. తెలుగు పాటకూ సినిమాకూ సంబంధించి ఆ ఏడాదిలో కొత్తదీ పాతదీ కలగలిసిపోయిన తీరు ఈ పనికి బాగా ఉపకరిస్తుంది.

ఏది ఈ ఏటిది?

మొదట తేల్చుకోవలసింది ఏడాది హద్దు. జనవరి నుంచి డిసెంబరు వరకు రాసుకోవడం సులువు, ఎందుకంటే ఫోనులోని లెక్కలన్నీ ఆ క్యాలెండరునే అనుసరిస్తాయి. ఉగాది నుంచి ఉగాది వరకు రాసుకోవాలనుకునేవారికీ అడ్డేమీ లేదు గానీ, ఆ ఏళ్ల నిడివి ఒకేలా ఉండదని గుర్తుంచుకోవాలి. శోభకృత్ నామ సంవత్సరం 2023 మార్చి 22న మొదలై, మధ్యలో అధిక శ్రావణం రావడం వల్ల 2024 ఏప్రిల్ 8 దాకా సాగింది. సంక్రాంతి సినిమాల విషయంలో మాత్రం ఉగాది లెక్కకు ఒక మేలుంది: పాటలు డిసెంబరులో, సినిమా జనవరిలో వచ్చినా రెండూ ఒకే ఏట పడతాయి. ఏ హద్దు ఎంచుకున్నా దానిని జాబితా పైన స్పష్టంగా రాయండి. మరుసటి ఏడాది దానిని మార్చకండి.

ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. జాబితాలోకి ఎక్కవలసింది ఆ ఏడాది విడుదలైనదా, ఆ ఏడాది మీ దగ్గరికి వచ్చినదా? విడుదల తేదీని పట్టుకుంటే ఎంత చిక్కు వస్తుందో ‘నాటు నాటు’ పాటను చూస్తే అర్థమవుతుంది. ఆ పాట బయటికి వచ్చింది 2021 నవంబరులో. ఆ పాట ఉన్న ‘ఆర్‌ఆర్‌ఆర్’ సినిమా థియేటర్లలోకి వచ్చింది 2022 మార్చి 25న. ఆస్కార్ అందుకున్నది మన లెక్కలో 2023 మార్చి 13 ఉదయాన. మరి దానిని ఏ ఏటి పాట అనాలి? మొదటి లిరికల్ వీడియోలోనే దానిని పట్టుకున్న కుర్రవాడికి అది 2021 నాటిది. సినిమా చూసి మెచ్చుకున్న తల్లికి 2022 నాటిది. పురస్కారం వచ్చిన రోజున, పరాయి దేశపు వేదిక మీద తెలుగు మాట వినబడినందుకు పొంగిపోయి, అప్పుడే మొదటిసారి శ్రద్ధగా విన్న తాతగారికి అది నిస్సందేహంగా 2023 నాటి పాటే. ముగ్గురి జాబితాలూ సరైనవే. అందుచేత నియమం ఇలా పెట్టుకోవడం మంచిది: ఆ పాటగానీ, పుస్తకంగానీ, సినిమాగానీ మీ మనసులో చోటు చేసుకున్న తేదీయే దాని తేదీ. విడుదలైన సంవత్సరాన్ని పక్కన వేరుగా నమోదు చేస్తే చాలు.

ఈ నియమం వల్ల పాతవాటికి దారి దొరుకుతుంది. దర్శకుడు కె. విశ్వనాథ్ 2023 ఫిబ్రవరి 2న కన్నుమూశారు. 1980లో ‘శంకరాభరణం’ విడుదలైనదీ ఫిబ్రవరి 2నే. మరో రెండు రోజులకు, ఫిబ్రవరి 4న, గాయని వాణీ జయరాం వెళ్లిపోయారు. తెలుగు పాటలకు ఆమె అందుకున్న రెండు జాతీయ పురస్కారాలూ విశ్వనాథ్ చిత్రాలకే వచ్చాయి. ఒకటి ‘శంకరాభరణం’, రెండోది ‘స్వాతికిరణం’. ఆ వారమంతా ఎన్ని తెలుగు ఇళ్లలో ఆ పాటలు మోగాయో, ఎంతమంది తమ పిల్లలను కూర్చోబెట్టి ఆ చిత్రాలు చూపించారో తలచుకుంటే, 2023 జాబితాలో వాటికి చోటు లేకపోవడం అన్యాయమనే నాకు తోస్తుంది. అప్పుడే మొదటిసారి చూసిన ఇరవై ఏళ్ల యువతికి ‘స్వాతికిరణం’ కొత్త సినిమాయే. మునుపు పదిసార్లు చూసిన వారు మాత్రం తమను తాము ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈసారి చూసినప్పుడు మునుపు కనబడనిది ఏదైనా కనబడిందా? కనబడితే రాయండి, లేకపోతే అది అలవాటుగా చూసినదే గనుక వదిలివేయండి.

జ్ఞాపకం ముందు, ఫోను తరువాత

డిసెంబరులో ఒక ఉదయం, ఫోనును పక్కగదిలో పెట్టి, కాగితం మీద మూడు గడులు గీసి, గుర్తుకు వచ్చినవన్నీ వరసగా రాయండి. యాప్‌నూ, పుస్తకాల అలమారునూ, ఎవరి జాబితానూ చూడకండి. పేరు గుర్తురాకపోతే ‘పెళ్లిలో సన్నాయి మీద విన్న ఆ కీర్తన’ అనో, ‘నీలం అట్ట ఉన్న కథల పుస్తకం’ అనో రాసినా ఫరవాలేదు. ఒక్క కూర్చోవడంలో పూర్తి కాదు. రెండు మూడు రోజులు ఆ కాగితాన్ని దగ్గర ఉంచుకుంటే మిగతావి వాటంతట అవే వస్తాయి. ఈ పనిలో నేను దేనినైనా పట్టుబట్టి చెబుతానంటే అది ఈ వరస గురించే. ముందు లెక్కలు చూసినవారికి జ్ఞాపకం తన మాట చెప్పడం మానేస్తుంది.

ఆ తరువాతే ఆధారాలు తీయండి. పాటల యాప్‌లు ఏడాది చివర ఇచ్చే నివేదికలు పనికివస్తాయి, కానీ వాటి పరిమితి తెలిసి వాడుకోవాలి. స్పాటిఫైలో 30 సెకన్లు వింటే చాలు, ఆ పాటను ఒకసారి విన్నట్టే లెక్క. పూర్తిగా, కళ్లు మూసుకుని విన్నదానికీ వంటింట్లో వెనక మోగినదానికీ ఆ లెక్కలో తేడా ఉండదు. పైగా ఆ నివేదిక సాధారణంగా డిసెంబరు మొదట్లోనే వస్తుంది కనుక, ఏడాది చివరి వారాల్లో విన్నది అందులోకి రాదు. ధనుర్మాసపు కచేరీల కోసం ఏటా చెన్నై వెళ్లేవారికి, లేదా ఇంట్లోనే ఆ కచేరీలను వినేవారికి ఇది చిన్న లోటు కాదు. యూట్యూబులో చూసినవాటి చరిత్ర కొంత నయం, అయితే మీ ఖాతా అమరికను బట్టి అది 3 నెలలకే చెరిగిపోయేలా ఉండవచ్చు. ఏడాది మొదట్లోనే ఆ అమరికను సరిచూసుకోండి. ఇంటిల్లిపాదీ ఒకే ఖాతాతో టీవీ చూస్తుంటే ఆ చరిత్ర మీది కాదు, మీ ఇంటిది.

సినిమాలకు టికెట్టు సందేశాలు, పుస్తకాలకు బిల్లులు, గ్రంథాలయపు కార్డు మీది తేదీలు ఉపయోగపడతాయి. లెటర్‌బాక్స్‌డ్, గుడ్‌రీడ్స్ వంటి చోట్ల చూసిన రోజునే, చదివిన రోజునే నమోదు చేసే అలవాటున్నవారికి శ్రమ సగం తగ్గుతుంది. కొన్న తేదీనీ చదివిన తేదీనీ మాత్రం కలపకూడదు. డిసెంబరులో జరిగే హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో సంచి నిండా కొన్న పుస్తకాలు చాలామందికి మరుసటి ఏటి పుస్తకాలే అవుతాయి.

ఇప్పుడు జ్ఞాపకాల కాగితాన్నీ ఆధారాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ ఉన్నవాటిని గురించి ఆలోచించవలసింది తక్కువ. లెక్కలో వందసార్లు మోగి కాగితం మీదికి రానిది, ఆ ఏడాది మీ చుట్టూ ఉన్న శబ్దం మాత్రమే. దానిని ధైర్యంగా తీసివేయవచ్చు. కాగితం మీద ఉండి ఏ లెక్కలోనూ లేనిది మాత్రం విలువైనది. బస్సులో డ్రైవరు పెట్టిన పాట, తెల్లవారుజామున గుడి మైకులో విన్న సుప్రభాతం, స్నేహితురాలి దగ్గర తీసుకుని రాత్రికి రాత్రి చదివి తిరిగి ఇచ్చేసిన నవల, ఇవన్నీ ఈ కోవలోకి వస్తాయి. వాటి పేర్లు ఎంత శ్రమపడైనా కనుక్కోండి.

మూడింటికీ ఒకే కొలత సరిపోదు

పాట నాలుగైదు నిమిషాలలో ముగుస్తుంది, కానీ ఏడాదిలో ఎన్నోసార్లు తిరిగి వస్తుంది. పుస్తకం వారాల తరబడి మనతో ఉంటుంది, కానీ చాలావరకు ఒక్కసారే. సినిమా రెండున్నర గంటలు మన చేతిలో ఇంకో పని లేకుండా చేసి, ఆ తరువాత నలుగురి మాటల్లో బతుకుతుంది. ఈ తేడాను పట్టించుకోకుండా మూడింటికీ అయిదింటికి ఇన్ని చుక్కలని వేసుకుంటూ పోతే ఆ అంకెలకు అర్థం ఉండదు.

పాట విషయంలో అడగవలసింది, యాప్ తనంతట తాను వినిపించకుండా మీరే వెతుక్కుని మళ్లీ విన్నారా అని. సినిమా విషయంలో, దాని గురించి ఎవరితో మాట్లాడారు, ఆ మాటలు ఏ వైపు వెళ్లాయి అని. పుస్తకానికి పరీక్ష కొంచెం కఠినం. చదివి నెల గడిచాక, పుస్తకం తెరవకుండా, అందులోని ఒక మనిషిని గానీ, ఒక గదిని గానీ, ఒక వాదనను గానీ నాలుగు వాక్యాలలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే అది మంచి పుస్తకమే కావచ్చు, మీకు మాత్రం ఆ ఏడాది అందలేదు. కథల సంపుటాల విషయంలో పుస్తకం పేరుతో సరిపెట్టకుండా, నిలిచిన కథ పేరు రాయండి. తెలుగులో ఈ పనికి గొప్ప ఒరవడి ఉంది. వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ సంపాదకత్వంలో ‘కథాసాహితి’ 1990 నుంచి ఏటేటా ఆ ఏటి కథల్లోంచి ఏరి ఒక సంపుటం వెలువరించింది. ఏడాది పొడవునా పత్రికల్లో వచ్చిన కథలను చదివి, అందులోంచి కొన్నింటిని ఎంచి, ఎంచినందుకు బాధ్యత వహించడం ఎంత ఓపిక కోరే పనో ఆ సంపుటాలను వరసగా తిరగేసినవారికి తెలుస్తుంది. మన జాబితా చిన్నదే అయినా ఆ బాధ్యతలో కొంతైనా దానికి ఉండాలి.

డిసెంబరులోనే సాహిత్య అకాడమీ పురస్కారాల ప్రకటన కూడా సాధారణంగా వస్తుంది. 2023 డిసెంబరు 20న తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి కథల సంపుటికి పురస్కారం ప్రకటించగానే, అంతవరకు ఆయనను చదవనివారు కూడా ఆ పుస్తకం కోసం వెతికారు. అది సంతోషించదగ్గ విషయమే. అయితే ప్రకటన చూసి తెప్పించుకుని ఇంకా తెరవని పుస్తకాన్ని జాబితాలో చేర్చకండి. చదివిన తరువాత, చదివిన ఏడాదిలో దాని చోటు దానికి ఉంటుంది.

రాయడం

పేర్లు తేలాక అసలు పని మొదలవుతుంది. ఒక్కో పేరు కింద కనీసం మూడు నాలుగు వాక్యాలు రాయకపోతే, రెండేళ్ల తరువాత ఆ జాబితాను చూసి మీకే ఏమీ అర్థం కాదు. 2023 మార్చి 3న విడుదలైన ‘బలగం’ సినిమాను తీసుకుందాం. దాని గురించి చాలామంది రాసే తీరు ఇలా ఉంటుంది: ‘హృదయానికి హత్తుకునే కుటుంబ కథాచిత్రం. నటీనటులందరూ పాత్రల్లో జీవించారు. తప్పక చూడాలి.’ ఈ మూడు వాక్యాలను ఏ సినిమా కింద అతికించినా అతుకుతాయి. ఆ సినిమా చూసినట్టు గానీ, మీరే చూసినట్టు గానీ వీటిలో ఆనవాలు లేదు.

అదే సినిమాను దగ్గరగా చూసి రాస్తే ఇలా ఉండవచ్చు: ‘కొమురయ్య చనిపోయిన మూడో రోజున పిట్టకు ముద్ద పెడితే కాకి ముట్టదు. ముసలాయనకు ఏ కోరిక మిగిలిపోయిందో తెలియక ఊరూ ఇల్లూ తల్లడిల్లుతాయి. ఏళ్ల కిందట భోజనాల దగ్గర ఒక నల్లి బొక్క కోసం మొదలైన పంతం బావా బావమరుదుల మధ్య, అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు లేకుండా చేసింది. చివర మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడుతుంటే హాలులో ఎవరూ లేవలేదు. ఇంటికి రాగానే మా నాన్న తన చెల్లెలికి ఫోను చేశాడు.’ ఇందులో మెచ్చుకోలు మాట ఒక్కటీ లేదు, అయినా ఆ సినిమా ఏం చేసిందో తెలుస్తుంది. కథలోంచి ఒక వస్తువును, ఒక క్షణాన్ని తీసుకుని, దాని పక్కనే మీ ఇంట్లో జరిగినదానిని పెట్టడం ఇందులోని కిటుకు. మీ ఇంట్లో ఏమీ జరగకపోతే రెండో భాగాన్ని కల్పించవద్దు. మొదటిది ఒక్కటే చాలు.

ఎక్కడ చూశారన్నది కూడా రాయండి. ‘బలగం’ ఓటీటీలోకి వచ్చాక కూడా తెలంగాణ పల్లెల్లో ఆరుబయట తెరలు కట్టి ఊరంతా కూర్చుని చూశారు. అలా చూసినవారి అనుభవం, న్యూజెర్సీలోనో డాలస్‌లోనో అపార్టుమెంటులో ల్యాప్‌టాప్ మీద ఒంటరిగా చూసి ఊరిని తలచుకున్నవారి అనుభవం ఒకటి కావు. తెర ఎంతది, పక్కన ఎవరున్నారు, మధ్యలో ఆపి చూశారా, ఒకే బిగిన చూశారా అన్నవి జాబితాలో ఒక్క పంక్తి మాత్రమే తీసుకుంటాయి. సినిమా మీ మీద పనిచేసిన తీరులో మాత్రం వాటికి చాలా వాటా ఉంటుంది.

పాట గురించి రాయడం ఇంకా కష్టం, ఎందుకంటే నచ్చినదేదో చెవికి తెలిసినా మాటకు అందదు. అప్పుడు పాట మొత్తాన్ని వర్ణించాలని చూడకుండా ఒక్క చోటును పట్టుకోండి. ‘స్వాతికిరణం’లో సిరివెన్నెల సీతారామశాస్త్రి రాసిన ‘ఆనతినీయరా హరా’ను తెర మీద పాడేది ఒక బాలుడు, వినిపించే గొంతు వాణీ జయరాంది. అప్పటికి ఆమె వయసు నలభై దాటింది. గురువు అసూయకు కారణమయ్యేంత విద్య ఉన్న పసివాడని నమ్మించాలంటే, గొంతులో పసితనమూ పాండిత్యమూ రెండూ ఒకేసారి వినబడాలి. ఈ సంగతి తెలిసి మళ్లీ విన్నప్పుడు మీ చెవి ఎక్కడ ఆగిందో, ఏ గమకం దగ్గర ‘ఇది పిల్లవాడి గొంతే’ అనిపించిందో రాస్తే సంగీత పరిజ్ఞానం లేనివారు కూడా మీతోపాటు వినగలుగుతారు. రాగం పేరు తెలిస్తే రాయండి, కచ్చితంగా తెలియకపోతే రాయకండి.

పేర్లు పూర్తిగా రాయండి. తెలుగులో పాటను హీరో పేరుతో చెప్పుకునే అలవాటు బలంగా ఉంది, అది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం. ‘నాటు నాటు’కు వచ్చిన ఆస్కార్‌ను అందుకున్నవారు స్వరకర్త కీరవాణి, రచయిత చంద్రబోస్, ఎందుకంటే ఆ విభాగంలో పురస్కారం పాటను సృష్టించినవారికే ఇస్తారు. ‘బలగం’లోని ‘ఊరు పల్లెటూరు’కు జాతీయ పురస్కారం అందుకున్నవారు దాని రచయిత కాసర్ల శ్యామ్. కాబట్టి ప్రతి పాట పక్కన రచయిత, స్వరకర్త, గాయకులు అనే మూడు పేర్లూ ఉండాలి. లిరికల్ వీడియో కింది వివరాల్లో అవి చాలావరకు దొరుకుతాయి. వాద్యకారుల పేర్లు కూడా కనబడితే వదలకండి. పుస్తకానికి ప్రచురణకర్త పేరు, ముద్రణ సంవత్సరం అవసరం. అనువాదమైతే అనువాదకుల పేరు మూలరచయిత పేరుతో సమానంగా రాయాలి, మీరు చదివిన ప్రతి వాక్యమూ వారిదే గనుక.

వరస, సంఖ్య

పది ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. ఒక ఏడాది పుస్తకాలు మూడే నిలిస్తే మూడే రాయండి. పాటలు పద్నాలుగు నిలిస్తే పద్నాలుగూ ఉండనివ్వండి. ఒకటి, రెండు, మూడు అంటూ స్థానాలు ఇవ్వడం కంటే అవి మీ దగ్గరికి వచ్చిన నెలల వరసలో పెట్టడమే మేలని నా గట్టి అభిప్రాయం. అలా పెట్టినప్పుడు ఫిబ్రవరిలో విశ్వనాథ్ చిత్రాలు, మార్చిలో ‘బలగం’, ఆ నెలలోనే ఆస్కార్ ఉదయం ఒకదాని పక్కన ఒకటి నిలిచి, ఆ ఏడాది మీరు ఎలా గడిపారో వాటంతట అవే చెబుతాయి. స్థానాలు ఇచ్చిన జాబితాలో ఈ సంబంధాలన్నీ తెగిపోతాయి.

నచ్చనివాటికి వేరే జాబితా అక్కరలేదు. సగంలో ఆపిన పుస్తకాలకు మాత్రం ఒక చిన్న గడి ఉంచి, ఏ పేజీ దగ్గర ఆగారో, ఎందుకు ఆగారో ఒక్క వాక్యం రాసుకుంటే మరుసటి ఏడాది పనికివస్తుంది.

భద్రపరచడం, తిరిగి చూడడం

లంకెల మీద ఆధారపడకండి. ఓటీటీలో ఈ రోజు ఉన్న సినిమా ఒప్పందం ముగియగానే కనబడకుండా పోవచ్చు, యూట్యూబు వీడియో తొలగిపోవచ్చు. పేర్లు, సంవత్సరాలు మాటల్లో ఉంటే దేనినైనా మళ్లీ వెతుక్కోవచ్చు. జాబితా సిద్ధమయ్యాక దానిని అచ్చు తీసి ఒక ఫైలులో పెట్టండి, లేదా నోటుపుస్తకంలోకి ఎత్తి రాయండి. ఎవరికైనా పంపదలచుకుంటే, మీతో కలిసి ఆ సినిమా చూసినవారికి, ఆ పుస్తకం ఇచ్చినవారికి ముందుగా పంపండి. వారు చెప్పే సవరణలు తేదీల విషయంలో చాలా సాయపడతాయి.

ప్రతి పేరు కింద రెండు పంక్తుల ఖాళీ వదలండి. ఏడాది గడిచాక పాత జాబితాను చదివినప్పుడు కొన్నింటి మీద అభిప్రాయం మారుతుంది. అప్పుడు పాత వాక్యాన్ని కొట్టివేయకుండా, కొత్త మాటను ఆ రోజు తేదీతో ఖాళీలో రాయండి. కొత్త ఏటి పేజీని జనవరి మొదటి వారంలోనే తెరిచి, విజయవాడ పుస్తక మహోత్సవంలో గానీ మీ ఊరి దుకాణంలో గానీ కొన్న తొలి పుస్తకం పేరు, సంక్రాంతికి చూసిన సినిమా పేరు, చూసిన తేదీ, పక్కన ఉన్నవారి పేర్లు అందులో రాసి ఉంచుకోండి.